ట్యాబ్‌లో ‘అవును’ నొక్కాక ఏం చేయాలి?

ప్రశ్న: దాచేపల్లి మండలంలో ఏఎన్‌ఎంని. ముప్పై దాటినవాళ్ల వివరాలు ట్యాబ్‌లో ఎక్కించేటప్పుడు బీడీ, గుట్కా అలవాటుందా అని అడుగుతుంది. ‘అవును’ నొక్కి ముందుకు పోతున్నాం. దీనివల్ల ఎవరైనా మానేస్తారా డాక్టర్ గారూ?

జవాబు: నొక్కి వదిలేస్తే మానరమ్మా. కంప్యూటర్ రికార్డులు ఇలా గుర్తుచేయడంపై 2014లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో తేలిందీ దాదాపు అదే. అడగడం, సలహాకు పంపడం పెరిగాయి. మానేసినవాళ్లు పెరిగారని మాత్రం గట్టిగా రుజువు కాలేదు. అయినా ఆ ప్రశ్నను చిన్నచూపు చూడకండి. మాట కలపడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

‘మానాలనుందా?’ అని అడగండి. ఉందంటే మీ ముందే ఆయన ఫోన్ నుంచి 1800-11-2356కు కలపండి. అది ఉచిత జాతీయ క్విట్‌లైన్. మానే రోజు ఖాయం చేసి, ఆ వారంలోనే మళ్లీ పలకరించండి. చిరాకు, నిద్రపట్టకపోవడం ఎక్కువగా వేధించేది అప్పుడే. చాలామంది మళ్లీ ముట్టించేదీ అప్పుడే. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండా దొరుకుతుంది. కొంచెం నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వాడాలి.

మీవైపు దగ్గును మిరపఘాటు మీదికో, క్వారీ దుమ్ము మీదికో నెట్టేస్తారు. వాదించకండి. దుమ్ముకు పొగ తోడైతే ఊపిరితిత్తులు మరింత దెబ్బతింటాయని చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్షకు పంపండి.