మంట తగ్గితే ఇంటికి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా ఊరి దగ్గర గ్యాస్ బావి మంట తగ్గుముఖం పట్టింది. పశువుల్ని, కొబ్బరితోటను వదిలి ఇంకెన్నాళ్లు శిబిరంలో ఉండాలి?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మంట తగ్గడమొక్కటే భరోసా కాదండి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి నుంచి ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. మంట ఆరినా లీకు ఆగకపోతే గ్యాస్ మూసిన గదుల్లో పోగుపడుతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను గ్యాస్ ఊరిమీద పరుచుకున్నాకే అంటుకుంది. వాసనేమీ రావడం లేదంటారా? వాసన కలపని సహజవాయువును ముక్కు పసిగట్టలేదు. పశువుల గురించి మీ బెంగ న్యాయమైనదే. వాటిని తరలించమని అధికారులను గట్టిగా అడగండి. వారు బావి మూసి, ఇళ్లల్లో గ్యాస్ కొలిచి చూశాకే ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించండి.