ప్యాకేజీని చూసుకునేది ఎవరు?

పిల్లలూ, కంప్యూటర్‌లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు ఎప్పుడైనా కనిపించాయా? అంటే అందులో తెలుగు ఫాంట్ లేదన్నమాట. ఫాంట్ వేస్తే డబ్బాలు పోయి అక్షరాలు వస్తాయి. మరి ఆ ఫాంట్‌ని మనకోసం సిద్ధంగా ఉంచేది ఎవరు?

లినక్స్ పేరు వినే ఉంటారు. దాన్ని 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. లినక్స్‌తో పాటు మనకి కావలసిన ప్రోగ్రాములన్నీ కలిపి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. అలాంటిదే డెబియన్. దాన్ని 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. డెబ్రా, ఇయాన్ అనే రెండు పేర్లు కలిపితే డెబియన్!

అందులో ప్రోగ్రాములన్నీ ప్యాకేజీలుగా ఉంటాయి. తెలుగు ఫాంట్లూ ప్యాకేజీలే. మన కవుల పేర్లు పెట్టిన పోతన, వేమన ఫాంట్లు కూడా అక్కడ దొరుకుతాయి. ప్యాకేజీల బాగోగులు చూసేవాళ్లని మెయింటెయినర్లు అంటారు. చాలామంది జీతం లేకుండానే ఈ పని చేస్తారు.

ఒక ప్యాకేజీకి ఇంకో ప్యాకేజీ అవసరం. ఆవకాయకి మామిడికాయలు ఒక్కటే చాలవు కదా, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నీ కావాలి. వాటిలో ఒకటి మారినా రుచి మారుతుంది. అలాగే మనం ముట్టుకోని ప్యాకేజీ కూడా, పక్క ప్యాకేజీ మారితే పాడవ్వచ్చు. అందుకే ఎప్పుడూ ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి.

పాడైతే మనం మెయింటెయినర్‌కి రాయాలి. ఊరికే "పనిచేయట్లేదు" అంటే వాళ్లకి ఏం అర్థమవుతుంది? మూడు సంగతులు చెప్పాలి.

ఏం చేశాను? తెలుగు ఫైలు తెరిచాను.
ఏం జరగాలి? ఒత్తు అక్షరం కింద కనిపించాలి.
ఏం జరిగింది? ఒత్తు పక్కకి జరిగింది.

మెయింటెయినర్ కూడా అలాగే చేసి చూస్తారు. తప్పు కనిపిస్తే కారణం వెతికి సరిచేస్తారు. ఆ సవరణే ప్యాచ్. చిరిగిన బట్టకి మాసిక వేసినట్టు! దాన్ని ప్రోగ్రాం రాసినవాళ్లకి కూడా పంపుతారు. వాళ్లని అప్‌స్ట్రీమ్ అంటారు, అంటే ఏటికి ఎగువన ఉన్నవాళ్లు. ఎగువన నీళ్లు బాగుంటే దిగువన అందరికీ బాగుంటాయి.

బాగుచేసిన ప్యాకేజీ మామూలుగా ముందు 'సిడ్' అనే విభాగంలోకి వెళ్తుంది. టాయ్ స్టోరీలో బొమ్మలు పాడుచేసే పక్కింటి అబ్బాయి పేరే అది! అక్కడ కొన్నాళ్లు పెద్ద తప్పులు బయటపడకపోతే తర్వాతి విభాగానికి వెళ్తుంది.

ఒక్కోసారి మెయింటెయినర్‌కి తీరిక ఉండదు. అప్పుడు ఆ ప్యాకేజీని 'అనాథ' అని ప్రకటిస్తారు. ఇంకొకరు దత్తత తీసుకోవచ్చు. ఎవరూ ముందుకి రాకపోతే చివరికి దాన్ని తీసేయొచ్చు కూడా. ఎంత మంచిదైనా, చూసుకునే మనిషి లేకపోతే నిలవదు.

కొత్త మాటలు
బాగోగులు: మంచి చెడ్డలు
మాసిక: చిరిగిన చోట వేసే అతుకు
ఎగువ: పై వైపు
దిగువ: కింది వైపు
దత్తత: ఇతరుల బిడ్డని మన బిడ్డగా పెంచుకోవడం

అభ్యాసం
1. పైన "ఏం జరిగింది?", "పక్కకి జరిగింది" అని రెండు చోట్ల 'జరిగింది' ఉంది. రెండిటికీ అర్థం ఒకటేనా? మీ మాటల్లో చెప్పండి.
2. మీ ఇంట్లో సరిగా పనిచేయని వస్తువు ఒకటి ఎంచుకోండి. చేశాను, జరగాలి, జరిగింది అనే మాటలతో మూడు వాక్యాలు రాయండి.
3. వాటిని అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్లో చదివి వినిపించండి. తిరిగి ఏమీ అడగకుండానే వాళ్లకి అర్థమైతే, మీరు బాగా రాసినట్టే!