బ్రేకు ఎందుకు మెత్తబడింది?

పాడేరు కొండ మీద ఉంది. చోడవరం కింద ఉంది. మధ్యలో ఘాట్ రోడ్డు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మలుపు వెంట మలుపు. ఈ దారిలో పసుపు, అల్లం, కాయగూరలు కిందికి దిగుతాయి. ఉప్పు, సిమెంటు పైకి వస్తాయి. వాటిని మోసేవి ఎక్కువగా పికప్ బండ్లు.

ఒక డ్రైవరు పాత పికప్ బండి కొన్నాడు. అప్పు ఇంకా తీరలేదు. అతనితో పాటు బావమరిది కూడా బండి మీద తిరుగుతాడు. బస్తాలు ఎత్తుతాడు, దించుతాడు.

ఒకరోజు సాయంత్రం ఖాళీ బండితో ఘాట్ ఎక్కి వచ్చారు. ఊళ్లోకి రాగానే ఒక మేక అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. పెడలు గట్టిగా ఆగలేదు. దూది మూట మీద కాలు వేసినట్టు మెత్తగా కిందికి పోయింది. బండి ఆగింది గానీ, ఆగాల్సిన చోట ఆగలేదు.

నేరుగా మెకానిక్ షెడ్డుకు పోయారు.

"మేస్త్రీ గారూ, కాస్త బ్రేకు ఆయిలు పోయండి. తెల్లారి అల్లం బస్తాలతో దిగాలి" అన్నాడు డ్రైవరు.

"ఈ నెలలో ఎన్నిసార్లు పోశావు బాబూ?"

"రెండుసార్లు."

"డీజిలు అయితే కాలిపోద్ది. బ్రేకు ఆయిలు కాలదు కదా? మరి నువ్వు పోసింది ఎక్కడికి పోయింది?"

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. ముందు చక్రాల ప్యాడ్లు అరిగే కొద్దీ డబ్బాలో ఆయిలు కొంచెం దిగడం మామూలే. కానీ అది నెలల మీద జరిగే పని. నెలలో రెండుసార్లు పోయాల్సి వచ్చిందంటే, ఆయిలు ఎక్కడో కారిపోతున్నట్టే.

మేస్త్రీ సూది లేని ఇంజక్షను సిరంజి ఒకటి తీశాడు. దాని నిండా నీళ్లు పట్టాడు. మూతి దగ్గర వేలు గట్టిగా అడ్డం పెట్టి, బావమరిదిని నొక్కమన్నాడు. ఎంత నొక్కినా కదల్లేదు. నీళ్లు పారబోసి, వట్టి గాలితో మళ్లీ నొక్కమన్నాడు. ఈసారి సగం దాకా దిగింది. వదిలితే పైకి వచ్చింది.

బ్రేకులో జరిగేదీ ఇదే. కాలితో పెడలు తొక్కితే మాస్టరు సిలిండరు ఆయిలును గొట్టాల్లోకి తోస్తుంది. ఆయిలు నొక్కుకుపోదు. అందుకే కాలి బలం చక్రాల దాకా పోతుంది. గొట్టంలో గాలి చేరితే ముందు ఆ గాలే నొక్కుకుపోతుంది. కాలి బలం అక్కడే ఖర్చయిపోతుంది.

"అయితే గాలి తీసెయ్యండి, అయిపోద్ది" అన్నాడు డ్రైవరు.

"తీస్తాను. కానీ గాలి ఏ దారిన వచ్చిందో చూడొద్దా?"

మేస్త్రీ ఇంజను ఆపించి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించాడు. పెడలును నాలుగైదుసార్లు తొక్కమన్నాడు. పెడలు కాస్త పైకి వచ్చింది. అలాగే ఒక నిమిషం అదిమి పట్టమన్నాడు. అది కిందికి జారలేదు. ఒకవేళ జారితే? బయట ఎక్కడా తడి కనబడకపోతే, మాస్టరు సిలిండరు లోపలి రబ్బరు వాషర్లు అరిగాయని అనుమానించాలి. ఆయిలు లోపల్లోపలే వెనక్కి పోతుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత బండి పెడలును ఊరికే అడుగంటా తొక్కకూడదు. మాస్టరు సిలిండరు లోపల రోజూ వాడని భాగంలో తుప్పు, మడ్డి ఉంటాయి. వాషర్లు అంత దూరం పోతే చిరుగుతాయి. బాగున్న సిలిండరు కూడా అలా పాడవుతుంది.

తర్వాత మేస్త్రీ టార్చి లైటుతో ఒక్కో చక్రం లోపలి వైపు చూశాడు. వెనక ఎడమ చక్రం దగ్గర ఆగాడు. టైరు లోపలి గోడ మీద నల్లగా తడి.

"ఇది ఇరుసులోంచి వచ్చిన గేరు ఆయిలేమో" అన్నాడు డ్రైవరు.

అలా అనుకోవడం తప్పేమీ కాదు. రెండూ అక్కడే కారతాయి. గేరు ఆయిలు చిక్కగా ఉంటుంది, ఘాటుగా వాసన వేస్తుంది, నీళ్లకు పోదు. బ్రేకు ఆయిలు పల్చగా ఉంటుంది. నీళ్లు పోస్తే కడుక్కుపోతుంది. మేస్త్రీ నీళ్లు చిలకరించి గుడ్డతో తుడిచాడు. మరక పోయింది.

జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం విప్పాడు. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకూడదు. డ్రమ్ము తీశాక బావమరిది లోపలి ధూళిని ఊదబోయాడు. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. పాత లైనింగుల ధూళిలో రాతినార ఉండొచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి.

వీల్ సిలిండరు చివర రబ్బరు తొడుగు ఉంది. మేస్త్రీ దాన్ని కొంచెం పైకెత్తాడు. ఆయిలు బొటబొటా కారింది. ఆయిలు బయటికి పోయేదీ, గాలి లోపలికి చేరిందీ ఇక్కడే. బ్రేకు షూల లైనింగు కూడా తడిసిపోయింది.

"వాషర్ల కిట్టు వేస్తే చాలదా మేస్త్రీ గారూ? ఖర్చు తగ్గుద్ది" అన్నాడు డ్రైవరు. "లైనింగును పెట్రోలుతో కడిగేద్దాం."

మేస్త్రీ సిలిండరు విప్పి, లోపల వేలు పెట్టి చూడమన్నాడు. తుప్పు గుంటలు చేతికి తగిలాయి. కొత్త వాషర్లు వేసినా ఆ గుంటలు వాటిని కోసేస్తాయి. ఇక లైనింగు సంగతి. అది ఆయిలు పీల్చేసింది. పైన కడిగినా, వేడెక్కితే లోపలి ఆయిలు మళ్లీ పైకి వస్తుంది. ఒక్క చక్రానికే కొత్త షూలు వేస్తే, తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అందుకే రెండు వెనక చక్రాలకూ వేయాలి.

"బస్తాలు వేసుకుని ఘాట్ దిగేది నువ్వు. నువ్వే చెప్పు" అన్నాడు మేస్త్రీ.

డ్రైవరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత రైతుకు ఫోను చేశాడు. తెల్లారి రాలేను, మధ్యాహ్నానికి వస్తానన్నాడు. రైతు కోప్పడ్డాడు. బస్తాలు కట్టించేశాను, ఆలస్యమైతే ధర పడిపోతే ఎవరిది పూచీ అన్నాడు. డ్రైవరు ఉన్న సంగతి చెప్పాడు. బండిలో ముందు సీట్లో కూర్చుని వచ్చేది కూడా ఆ రైతే. కాసేపాగి, "సరే, చూసుకుని రా" అన్నాడు.

కొత్త సిలిండరు, కొత్త షూలు వచ్చాయి. వాటిని బిగించి, డ్రమ్ముకీ షూలకీ మధ్య సందు సరిచేశాడు మేస్త్రీ. ఈ సందు ఎక్కువైనా పెడలు కిందికి పోతుంది. కానీ వెంటవెంటనే రెండుసార్లు తొక్కితే పైకి వచ్చి గట్టిపడుతుంది. అప్పుడు సందు తగ్గించుకుంటే సరిపోతుంది.

ఇక గాలి తీయడం. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. బావమరిది పెడలు దగ్గర కూర్చున్నాడు. మాస్టరు సిలిండరుకు ఎక్కువ దూరంలో ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టారు. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. కొన్ని బండ్లకు వెనక ఇరుసు దగ్గర లోడు వాల్వు ఉంటుంది. దానికి నిప్పిలు ఉంటే అక్కడా తీయాలి.

నిప్పిలుకు సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిలున్న సీసాలో ముంచారు.

"తొక్కు. పట్టి ఉంచు." మేస్త్రీ నిప్పిలు వదులు చేశాడు. సీసాలో బుడగలు వచ్చాయి. నిప్పిలు బిగించాడు. "ఇప్పుడు వదులు."

ఒకసారి బావమరిది తొందరపడ్డాడు. నిప్పిలు బిగించక ముందే కాలు తీసేశాడు. కొత్త గొట్టమైనా, పాత గొట్టమైనా, అలా తీస్తే గాలి మళ్లీ లోపలికి పోవచ్చు. మేస్త్రీ ఏమీ అనకుండా మళ్లీ మొదలుపెట్టాడు. బుడగలు ఆగేదాకా చేశారు. మధ్యమధ్యలో పై డబ్బాలో ఆయిలు పోస్తూనే ఉన్నారు. అది ఖాళీ అయితే గాలి పై నుంచి దిగుతుంది.

డబ్బా మూత మీద డాట్ 3 అని ఉంది. ఆయిలు టిన్ను మీద కూడా అదే ఉందో లేదో డ్రైవరు చూసి చెప్పాడు. ఇంజను ఆయిలు గానీ కిరసనాయిలు గానీ పడితే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. సీసాలోకి తీసిన పాత ఆయిలును తిరిగి పోయకూడదు. బ్రేకు ఆయిలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ చేరితే 140 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. ఘాట్ దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే ఆయిలు మరిగి, ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడూ పెడలు మెత్తబడుతుంది. బండి చల్లారితే మళ్లీ బాగానే ఉన్నట్టుంటుంది. అదే మోసం. అందుకే చాలా బండ్లకు రెండేళ్లకోసారి ఆయిలు మార్చమంటారు. డ్రైవరు తన పుస్తకంలో తేదీ రాసుకున్నాడు.

ఇప్పుడు పెడలు పైనే ఆగింది. గట్టిగా ఉంది. ఖాళీ బండిని చదును నేల మీద మెల్లగా నడిపి, నాలుగుసార్లు ఆపి చూశారు. పక్కకు లాగలేదు.

"దిగేటప్పుడు చిన్న గేరులో దిగు. బ్రేకు మీద కాలు ఉంచేసి దిగకు" అన్నాడు మేస్త్రీ.

ఆ రాత్రి బావమరిది నాలుగు చక్రాల కింద పాత పేపర్లు పరిచాడు. తెల్లారగానే డ్రైవరు వంగి ఒక్కొక్కటీ తీసి చూశాడు. వెనక ఎడమ చక్రం కింది పేపరును చేత్తో తడిమాడు. పొడిగా ఉంది.