పొట్టేలు మూతి ఎందుకు పైకెత్తుతుంది?

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది పేద ఇంటిని నిలబెట్టేది జీవాలే. అందుకే దాతలు చాలామంది గొర్రెలు కొనిస్తుంటారు. ఆ సాయం నిలవడానికి పనికొచ్చే ఒక సంగతిని ఇక్కడ వివరిస్తున్నాం.

మందలో పొట్టేలు గొర్రె మూత్రాన్ని వాసన చూసి, తల పైకెత్తి, పై పెదవి ముడిచి, కాసేపు కదలకుండా నిలబడుతుంది. చూసేవారికి నవ్వినట్టుంటుంది. నిజానికి అది చేస్తున్నది పరీక్ష.

గొర్రెలకు, మేకలకు పైదవడలో ముందుపళ్లు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. దాని వెనుక అంగిట్లో రెండు సన్నని రంధ్రాలుంటాయి. అవి ముక్కు మధ్యగోడ అడుగున ఉన్న రెండు చిన్న గొట్టాలకు దారి తీస్తాయి. 1813లో డెన్మార్క్ వైద్యుడు లుడ్విగ్ జాకబ్సన్ వీటిని వర్ణించాడు కాబట్టి జాకబ్సన్ అవయవం అంటారు. గాలిలో తేలివచ్చే వాసనను మామూలు ముక్కు పడుతుంది. మూత్రం వంటి తడిలో ఉండి, తేలిగ్గా ఆవిరికాని రసాయనాలను ఈ అవయవం పడుతుంది. పెదవి ముడవడం ఆ తడిని లోపలికి చేర్చడానికే. పాము నాలుక ఆడించేదీ ఈ అవయవానికి వాసన అందించడానికే.

గొర్రె సుమారు 17 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆ ఎద ఒకటి, ఒకటిన్నర రోజులే ఉంటుంది. ఆవులా అరవదు కనుక కాపరి కంటికి తెలియడం కష్టం. పొట్టేలు పసిగడుతుంది. ఒక ఎద తప్పితే మరో 17 రోజుల మేత దండగ. కట్టిన తర్వాత ఈనడానికి ఇంకా అయిదు నెలలు పడుతుంది. ఎండాకాలంలో కొన్న మేతతో మందను సాకేవారికి ఆ రోజులు చాలా బరువు.

పొట్టేలు వాసనకూ బలముంది. కొన్నాళ్లు దూరంగా ఉంచి మందలోకి వదిలితే, ఎద ఆగిన గొర్రెలు కూడా మళ్లీ ఎదకు రావచ్చు. ఇక్కడ ముఖ్యంగా పనిచేసేది గొర్రె మామూలు ముక్కే. 2014లో జపాన్ శాస్త్రవేత్తలు మేకపోతు తల వెంట్రుకల నుంచి ఇలాంటి ఒక పదార్థాన్ని గుర్తించారు. విత్తులు తీసిన పోతుల్లో అది కనబడలేదు.

కరువొచ్చినా, బక్రీదుకు మంచి ధర పలికినా ముందు అమ్ముడుపోయేది బలమైన పొట్టేలే. అందుకే దాతలకు మా మనవి: గొర్రెలు కొనిచ్చేటప్పుడు విత్తన పొట్టేలు సంగతి కూడా అడగండి. పాతిక ముప్పై గొర్రెలకు ఒకటి చాలు, అయిదారు కుటుంబాలు కలిసి ఉంచుకోవచ్చు. తన పిల్లలనే దాటకుండా రెండేళ్లకోసారి దాన్ని మార్చాలి. అప్పుడే ఇచ్చిన నాలుగు గొర్రెలు మందగా పెరుగుతాయి.