మారని సత్యము - మారెడు పాఠము

హైదరాబాదులోని లక్డీకాపూల్ నుండి రవీంద్రభారతి మీదుగా నడచి నౌబత్ పహాడ్ ఎక్కిన భక్తులకు స్వామి రంగనాథానందులవారి చేతులమీదుగా 1976లో ప్రారంభమైన శ్రీవేంకటేశ్వరుని పాలరాతి మందిరము కనబడును. అదే కొండమీద 1985లో వెలసిన బిర్లా నక్షత్రశాలయు గలదు. పిల్లలతో వచ్చిన గృహస్థులు పెక్కురు ఆ రెంటిని చూచియే మరలుదురు. కోవెలలో విన్న ధర్మము మారదు. నక్షత్రశాలలో విన్న పాఠము మారుచుండును. ఇట్టి రెండు విద్యలను ఒక్క బాలునికి నేర్పుటెట్లను సందేహము పెద్దలకు కలుగుచుండును.

1930లో ప్లూటో కనుగొనబడినది మొదలు గ్రహములు తొమ్మిదియని బడిపిల్లలు చదివిరి. 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దానిని మరుగుజ్జు గ్రహముగా నిర్ణయించుటతో ఆ సంఖ్య ఎనిమిదైనది. మనము పూజించు నవగ్రహములు వేరు. వానిలో సూర్యచంద్రులును రాహుకేతువులును గలరు. కాని నిన్నటి పాఠము నేడు చెల్లనపుడు చదువును నమ్ముటెట్లని బాలుడు అడుగవచ్చును గదా!

దీనికి సమాధానము తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి యందు గలదు. చదువు ముగించి ఇంటికి మరలు శిష్యునకు ఆచార్యుడు సత్యమును, ధర్మమును, స్వాధ్యాయమును ఏమరవలదని విధించెను. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవముగా భావింపుమనెను. ఆ విధులకు మినహాయింపు లేదు. అయినను ఆయనయే తమ నడవడిలో మంచిదానినే గ్రహింపుమనియు, తక్కినది వలదనియు చెప్పెను. ఆచరణలో సందేహము కలిగినచో, ఆ చోట నున్న విచారశీలురు, మృదుస్వభావులు, ధర్మపరులు నడచునట్లు నడువుమనెను. అనగా విధి శాశ్వతము. ఆచరణకు మాత్రము వివేకము తోడు కావలెను.

సత్యము పలుకవలెనను విధి మారలేదు గనుకనే గ్రహముల పాఠము మారినది. తెలిసిన పొరపాటును దిద్దకుండుట అసత్యమే యగును.

అట్లని ప్రతి మార్పును మేలు కాదు. భగవద్రామానుజులు పదునెనిమిది మారులు తిరిగి తిరుక్కోట్టియూర్ నంబిగారి వలన మంత్రార్థమును పొంది, ఎల్లరకు దానిని వెల్లడించిరని గురుపరంపర చెప్పుచున్నది. మంత్రమున ఒక్క అక్షరమైనను మారలేదు. వినువారి పరిధి విస్తరించినది. గురువాజ్ఞ మీరినందున తమకు నరకము కలిగినను, పలువురు తరింతురని వారు తలంచిరి. మొదట కోపించిన నంబిగారే పిదప వారిని ‘ఎంబెరుమానార్’ అని కొనియాడిరి. తన సౌకర్యమునకై కోరు మార్పు వేరు. పరుల మేలు కోరి, కష్టమును తానే భరించుటకు సిద్ధపడి చేయు మార్పు వేరు. ఈ భేదమును పిల్లలకు తెలుపుటయే విద్యకు ప్రాణము.

కావున బాలుడు ‘ఎందుకు?’ అని ప్రశ్నించినపుడు పెద్దలు కసరుకొనరాదు. ఏది ధర్మమో, ఏది మన ఇంటి అలవాటు మాత్రమో విడదీసి చెప్పవలెను. తెలియనిచో తెలియదనవలెను. ఆ ఒక్కమాటతో సత్యవ్రతము బాలునకు అనుభవమున బోధపడును.

సత్యమునందు స్థైర్యమును, మార్పునందు వివేకమును శ్రీనివాసుడు మన బిడ్డలకు అనుగ్రహించుగాక!