మాచా తేనీరు: ఇంటి పనిముట్లు, వాని ప్రయోజనము

మన యిండ్లలో తేనీరనగా ఆకును నీటిలో కాచి, వడపోసి, పిప్పిని పారవేయుట. జపాను దేశమున మాచా యను తేనీటి పద్ధతి వేఱు. అందు ఆకును మెత్తని పొడిగా విసరి, ఆ పొడిని వేడినీటిలో కలిపి, ఆకుతో సహా త్రాగుదురు. ఈ యొక్క భేదమును గ్రహించినచో, దాని పనిముట్లలో ప్రతిదియు ఏల పుట్టినదో పిల్లలకు సులభముగా బోధపఱుపవచ్చును.

తేయాకు పొడిని నీటిలో గిలకొట్టి త్రాగు అలవాటు మొదట చైనా దేశమున సాంగ్ వంశీయుల కాలమున నుండెను. 1191లో అచటినుండి మరలివచ్చిన ఐసాయ్ అను బౌద్ధ భిక్షువు దానిని జపానులో వ్యాపింపజేసెను. 1211లో తేయాకు గుణములను గూర్చి యొక గ్రంథమును వ్రాసెను. పిమ్మట సెన్ నో రిక్యూ (1522–1591) అను ఆచార్యుడు ఆడంబరమును తగ్గించి, వెదురు, మన్ను వంటి సామాన్య వస్తువులకు తేనీటి గదిలో గౌరవము కల్పించెను.

కోతకు ముందు సుమారు మూడు వారములు నీడను పెంచిన ఆకును ఆవిరి పట్టించి, ఆరబెట్టి, ఈనెలు తీసి, రాతి తిరగలిలో విసరుదురు. అది మన తిరగలికి చుట్టమే. కాని గంటసేపు త్రిప్పినను సుమారు 40 గ్రాముల పొడి మాత్రమే వచ్చును. వేగము పెంచినచో రాయి వేడెక్కి సువాసన చెడును. నేడు గృహస్థులు పొడిని కొనియే తెచ్చుకొందురు గనుక, ఇంటి పనిముట్లు జల్లెడతో మొదలగును. మిక్కిలి మెత్తని పొడి ఉండలు కట్టును. ఆ ఉండలు నీటిలో విడవు. అందుచే ముందుగా జల్లించుట ముఖ్యము.

జల్లించిన పొడిని ఉంచు లక్కపూత భరిణె పేరు నత్సుమే. ఆ మాటకు రేగుజాతి పండని యర్థము; ఆకారమునుబట్టి ఆ పేరు వచ్చినది. పొడిని తీయునది చషాకు. పేరు మన చషకమును తలపించినను ఇది పాత్ర గాదు, కొన వంచిన సన్నని వెదురు చెంచా. రిక్యూ తన మరణమునకు ముందు చెక్కిన యట్టి చెంచా యొకటి ‘కన్నీరు’ అను పేరుతో నగోయా నగరమందలి టోకుగావా కళాప్రదర్శనశాలలో నేటికిని భద్రముగా నున్నది.

త్రాగు గిన్నె చావన్. గిలకొట్టుటకు చేయి ఆడవలెను గనుక అది వెడల్పుగా నుండును. చలికాలమున వేడి నిలుచుటకు లోతైన గిన్నెను, ఎండకాలమున వేడి త్వరగా తగ్గుటకు లోతు తక్కువ గిన్నెను వాడుదురు. దానిని తుడుచు తెల్లని నారబట్ట చాకిన్.

అన్నిటిలో ప్రధానమైనది చసెన్ అను వెదురు కుంచె. మాచా పొడి నీటిలో కరగదు. తేలియాడి, కొంతసేపటికి అడుగున చేరును. దానిని నీటితో ఏకము చేయుటయే కుంచె పని. గిన్నెలో సుమారు 2 గ్రాముల పొడి వేసి, దాదాపు 80 డిగ్రీల వేడిగల నీరు 70 మిల్లీలీటర్లు పోసి, కుంచెను కవ్వమువలె గుండ్రముగా గాక, మణికట్టుతో ముందునకు వెనుకకు చుఱుకుగా ఆడింపవలెను. సన్నని నురుగు పైకి తేలినంతట తేనీరు సిద్ధము.

ఇంట ప్రయత్నింప గోరువారు పనిముట్లన్నిటిని కొననక్కఱలేదు. మన జల్లెడ, చిన్న చెంచా, వెడల్పు గిన్నె చాలును. కుంచెకు మాత్రము సరియైన బదులు లేదు. దానిని వాడుటకు ముందు వేడినీటిలో కొంచెముసేపు నాననిచ్చినచో పుల్లలు విఱుగవు. పిమ్మట సబ్బు లేక నీటితో కడిగి, గాలి తగులుచోట ఆరబెట్టవలెను. తడితో మూసియుంచినచో బూజు పట్టును.

ఎంత శ్రద్ధ వహించినను కుంచె అరిగిపోవును. కావున దానిని చేయువారు ఎల్లప్పుడు ఉండవలెను. నారా మండలమున ఇకోమా నగరమునకు చేరిన తకయామా గ్రామమున సుమారు 500 సంవత్సరములుగా కొన్ని కుటుంబములు ఈ పనిని చేయుచున్నవి. ఒకే వెదురు ముక్కను కత్తితో 80 మొదలు 120 వఱకు పుల్లలుగా చీల్చి, ఒక్కొక్క దానిని గీకి, కొనలు వంచి, దారముతో అల్లుదురు. పూర్వము ఈ విద్యను బయటివారికి తెలియనీయక తండ్రి ఒక కుమారునికి మాత్రమే నేర్పెడివాడట. అట్టి విద్యకు ఒక్క తరము నేర్వకున్నను చాలును, అంతరించుటకు. నేడు విదేశముల నుండి చౌక కుంచెలు వచ్చుచుండగా, ఆ చేతిపనివారు తమ పనిని బహిరంగముగా జనులకు చూపుచున్నారు. దాచుటచే గాక, నేర్పుటచేతనే విద్య నిలుచునని వారు గ్రహించిరి కాబోలు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మన వంటయింటి తిరగలికి, కవ్వమునకు, జల్లెడకు సైతము ఆ యాకారము రాతగిన కారణములు కలవు. వానిలో నొకదానిని పిల్లల చేతికిచ్చి, దాని పేరును, పనిని, ఆకారమునకు గల హేతువును వారిచేతనే చెప్పింపవలెను. చెప్పలేని యెడల ప్రక్కన కూర్చుండి చూపవలెను. చేతిపని చేతినుండి చేతికే వచ్చును గదా!