ఇంటి దగ్గర ఫ్యూయల్ ఫిల్టర్ మార్చేటప్పుడు

సొంత కారో, టాక్సీయో, సరుకు బండో ఉన్న ఇళ్లు ఇప్పుడు మన మధ్య చాలా ఉన్నాయి. షెడ్డుకు తీసుకెళ్తే ఒక పూట బాడుగ పోతుందని చిన్న పనులు ఇంటి ముందే చేసుకునేవారూ ఉన్నారు. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చడం అలాంటి పనే. సామాను చవక, పని గంటలోపే. కానీ టైరు మార్చినట్టు, ఆయిల్ మార్చినట్టు చేసే పని కాదిది. ఎందుకు కాదో ముందు తెలుసుకుని, ఆ తర్వాత పానా పట్టుకుందాం.

ట్యాంకులోని తుప్పు, మట్టి, నలక ఇంజన్‌లోకి పోకుండా ఆపేది ఫిల్టర్. అది మూసుకుపోతే బండి ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు, వేగం పెంచితే కుదుపులు వస్తాయి, సెల్ఫ్ ఎంత కొట్టినా పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ కాదు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న జిగురును కరిగించి కదిలిస్తుంది. అదంతా వచ్చి చేరేది ఫిల్టర్‌లోకే. కాబట్టి పాత బండ్లవారు ఫిల్టర్ సంగతి కాస్త ముందుగానే చూసుకోవడం మంచిది.

తరగతిలో మండే పదార్థాల పాఠం చెప్పేటప్పుడు మేము పిల్లల చేత ఒక మాట రెండుసార్లు అనిపిస్తాం: పెట్రోల్ మండదు, పెట్రోల్ ఆవిరి మండుతుంది. ఈ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నేల మీద నీళ్లలా పాకి గుంటల్లో, కాలువల్లో, గడప కింద నిలుస్తుంది. సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పెట్రోల్ నుంచి వస్తుంది, ఇక మన ఎండల్లో చెప్పేదేముంది! ఇంటి పోర్టికోలో ఫిల్టర్ విప్పితే ఆ ఆవిరి పక్కనే ఉన్న వంటింటి స్టవ్ దాకా, నీళ్ల మోటారు స్విచ్ దాకా, మెట్ల కింద పెట్టిన ఇన్వర్టర్ దాకా పోగలదు. మంట మనిషి చేతి దగ్గరే మొదలవ్వాలనేమీ లేదు, పది అడుగుల అవతల అంటుకుని వెనక్కి రావచ్చు. అందుకని ఈ పని ఆరుబయట, గాలి ఆడేచోట, పగటి వెలుగులోనే చేయాలి. బీడీ, సిగరెట్, అగరుబత్తి, దోమల చుట్ట ఏవీ దగ్గర ఉండకూడదు. పిల్లల్ని లోపలికి పంపాలి.

డీజిల్ అంటుకోదని చాలామంది ధైర్యం. మన దేశ ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలి. మే నెలలో మన ఊళ్లలో నీడలోనే 40 దాటుతుంది. వేడి సైలెన్సర్ మీద పడ్డ డీజిల్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

రెండో విషయం ఒత్తిడి. పాత కార్బురేటర్ బండ్లలో ఒత్తిడి తక్కువ, క్లిప్పు వదులు చేస్తే పెట్రోల్ కారుతుందంతే. ఇంజెక్షన్ కార్లలో అలా కాదు. కారు టైరులో 30 పౌండ్ల గాలి పెట్టిస్తాం కదా, చాలా ఇంజెక్షన్ కార్ల పెట్రోల్ పైపులో ఒత్తిడి 40 పౌండ్ల పైనే ఉంటుంది. ఇంజన్ ఆపినా అది వెంటనే తగ్గదు. తొందరపడి పైపు లాగితే పెట్రోల్ నేరుగా ముఖం మీదికి, కళ్లలోకి చిమ్ముతుంది.

ముందు ఫిల్టర్ ఎక్కడుందో బండి పుస్తకంలో చూడండి. ఇప్పటి చాలా పెట్రోల్ కార్లలో అది ట్యాంకు లోపల పంపుతో కలిసే ఉంటుంది. అలాంటిదైతే ఇంటి దగ్గర ముట్టుకోవద్దు, అది షెడ్డు పనే. కారు కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాని మీద ఆధారపడకూడదు. ఇటుకలు పేర్చి బండి నిలబెట్టడం మేము చాలాచోట్ల చూశాం. ఇటుక పగిలేముందు ఎవరికీ చెప్పదు. సరైన స్టాండులు లేకపోతే ర్యాంపు ఉన్న మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లడమే మేలు.

ఫిల్టర్ బయట, చేతికి అందేచోట ఉంటే ఇలా చేయాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, పొద్దున్నే అయితే మంచిది. ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉన్న రోజు చూసుకోండి. చక్రాలకు అడ్డు పెట్టి, ట్యాంకు మూత ఒకసారి తిప్పి లోపలి ఆవిరి వదలండి. ఫ్యూజ్ పెట్టె మూత మీది బొమ్మ చూసి ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ గానీ రిలే గానీ తీసేయండి. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేస్తే పైపులో మిగిలిన పెట్రోలుతో కాసేపు నడిచి దానంతటదే ఆగిపోతుంది. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి, తాళం తీసేయండి. ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. వరస తారుమారైతే ఒత్తిడి పైపులోనే ఉండిపోతుంది.

కళ్లద్దాలు పెట్టుకుని, కింద ఇనప పళ్లెం ఉంచి, జాయింటు చుట్టూ పాత నూలు గుడ్డ చుట్టి నెమ్మదిగా వదులు చేయండి. నట్టు ఉన్న ఫిల్టర్ అయితే ఒక పానాతో ఫిల్టర్‌ను పట్టి, రెండోదానితో నట్టు తిప్పాలి, లేకపోతే పైపు మెలిపడుతుంది. కొత్త ఫిల్టర్ మీది బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. పాత క్లిప్పులు, వాషర్లు మళ్లీ వాడకండి.

తడి గుడ్డలు, పళ్లెం దూరంగా పెట్టి, వాసన పోయేదాకా ఆగి, ఫ్యూజ్, బ్యాటరీ వైరు బిగించండి. స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, రెండు మూడు సెకన్లు ఉంచి ఆపేయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే పంపు పైపును నింపుతుంది. అప్పుడు టార్చి వేసి జాయింట్లు చూడండి, అగ్గిపుల్ల, లైటర్ వెలుగులో మాత్రం వద్దు. తడి కనిపించకపోతే స్టార్ట్ చేసి, పది నిమిషాలయ్యాక మళ్లీ చూడాలి.

డీజిల్ బండిలో ఫిల్టర్ అడుగున నీళ్లు దిగే స్క్రూ ఉంటుంది. దాన్ని వదిలి గాజు సీసాలో పడితే నీరు అడుగున, డీజిల్ పైన స్పష్టంగా తేలుతుంది. ఫిల్టర్ మార్చాక లైన్లో గాలి పడుతుంది కాబట్టి చేతి పంపు గట్టిపడేదాకా నొక్కాలి. ఇంజన్ మీది ఇంజెక్టర్ పైపుల నట్లు మాత్రం ఎవరు చెప్పినా వదులు చేయవద్దు. కామన్ రైల్ ఇంజన్లలో అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

షెడ్లలో పనిచేసే పిల్లలున్న ఇళ్లవారికి ప్రత్యేకంగా చెప్పాలి. ట్యాంకు ఖాళీ చేయడానికి పైపు నోట్లో పెట్టి పీల్చడం, పని అయ్యాక పెట్రోలుతో చేతులు కడుక్కోవడం ఈ రెండూ మనవాళ్లకు అలవాటు. పీల్చిన పెట్రోల్ పొట్టలోకి పోవడం కంటే ఊపిరితిత్తుల్లోకి జారడం ఎక్కువ ప్రమాదం, ప్రాణం మీదికి వస్తుంది. మింగినవారిచేత వాంతి చేయించకూడదు, అలా చేస్తే అది మరోసారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేతుల మురికికి సబ్బు, కాస్త రంపపు పొట్టు చాలు. చేతి పంపు పైపు కొనుక్కుంటే నోటితో పీల్చే పనే ఉండదు.

పక్కన డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి, లేకపోతే కనీసం బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే పెట్రోల్ నీటిపై తేలి మంట ఇంకా పాకుతుంది. మంట పెద్దదైతే ఆర్పే ప్రయత్నం మాని అందరినీ దూరంగా పంపి 101కి ఫోన్ చేయాలి.

పాత ఫిల్టర్‌లో పెట్రోల్ మిగిలే ఉంటుంది. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా, కాలువలో వంచకుండా, ఎండలో కాకుండా గాలికి ఆరనిచ్చి పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇవ్వండి. తడిసిన గుడ్డలు ముద్ద చేసి మూల పడేయకుండా విడివిడిగా ఆరుబయట ఆరవేయాలి. కొత్త ఫిల్టర్ మీద మార్కరు పెన్నుతో తేదీ, మీటరు మీది కిలోమీటర్లు రాసి పెట్టండి.